నిరుటి శబ్దాలు

ఆకుపచ్చ గీత సగం దాటి, ఇంకాస్త ముందుకు జరిగి, ఆగిపోయింది.

జుబియా మౌసు మీది నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముట్టుకుంటే ఎక్కడ చెడుతుందోనని, ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటూ స్క్రీను వంకే చూస్తూ కూర్చుంది. పొద్దున్న కూడా గీత ఇక్కడికే వచ్చి ఆగింది. ఈసారీ అంతే. కాసేపటికి గీత మాయమై, దాని చోట ఎర్రగుర్తు, పక్కన ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చాయి. బ్యాకప్ నుంచి తిరిగి తీసుకోవడం కుదరలేదట.

గాజుతలుపు అవతల హాల్లో గంగాదేవి అలాగే కూర్చుని ఉంది. పక్కనే కూతురు వేణి, నేలకందని కాళ్ళు ఊపుకుంటూ. ఏడేళ్ళ పిల్ల. కుడిచెవి వెనక జుట్టు పాయ తీసి క్లిప్పు పెట్టి ఉంది, మిషను తగిలించడానికి వీలుగా. అక్కడ మిషను లేదు. పుట్టుకతోనే వినపడని ఆ పిల్లకి చిన్నప్పుడే ఇక్కడ ఆపరేషను చేసి చెవి లోపల ఒక పరికరం అమర్చారు. దానికి బయటి శబ్దాలు అందించే మిషను చెవి వెనక తగిలించి ఉండాలి. పోయిన నెల ఎదురుమొండి దీవి నుంచి పంటు మీద కృష్ణ దాటుతుంటే, రేవు దగ్గర దిగే తోపులాటలో ఎవరి సంచో తగిలి అది నీళ్ళలో పడింది. తండ్రి పోలరాజు, చేపలవేటకి పోయే మనిషి, చొక్కా కూడా విప్పకుండా దూకి వెతికాడట. పోటు మీదున్న నీళ్ళు. దొరకలేదు.

కొత్త మిషను వచ్చింది. బెంజ్ సర్కిల్ వెనక సందులో ఉన్న ఈ వినికిడి క్లినిక్కులోనే, హన్నా మేడమ్ గదిలో, పెట్టెలో భద్రంగా ఉంది. కానీ అది ఖాళీ మిషను. ఏ పిల్లకి ఏ శబ్దం ఎంత మోతాదులో అందాలో, ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వినిపించి, అడిగి, నెలల తరబడి సరిచేసుకుంటూ పోతారు. ఆ కొలతల్నే మ్యాప్ అంటారు. వేణి మ్యాప్ క్లినిక్ కంప్యూటర్లో ఉండేది. ఆ కంప్యూటర్లోని హార్డ్ డిస్కు పోయిన వారం కరెంటు దెబ్బకి కాలిపోయింది.

"అయిందా?" డాక్టర్ జానకిరామ్ తలుపు సగం తెరిచి అడిగాడు.

"లేద్సార్. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది."

"ప్రతి శనివారం బ్యాకప్ తీస్తున్నానన్నావు."

"తీస్తూనే ఉన్నాను సార్. అన్నీ ఈ ఎక్స్‌టర్నల్ డిస్కులోనే ఉన్నాయి. తిరిగి ఎక్కడం లేదు."

"ఎక్కకపోతే ఉన్నట్టా, లేనట్టా?"

ఆయన జేబులో ఫోను మోగింది. కిరీటి. డాక్టరుగారి మేనల్లుడు, గన్నవరం వైపు ఏదో కంపెనీలో కంప్యూటర్ల పని. కాలిపోయిన డిస్కు తీసి కొత్తది వేసింది అతనే. డాక్టరు ఫోను చెవికి పెట్టుకుని, "ఊఁ… ఊఁ… అదే కదా నేనంటున్నది" అంటూ హాల్లోకి వెళ్ళాడు. మాట్లాడటం అయ్యాక గంగాదేవి ముందు నిలబడ్డాడు.

"ఇవాళ కూడా కాదమ్మా. మా కంప్యూటరు చూసే అమ్మాయి బ్యాకప్ సరిగ్గా తియ్యలేదు. అదీ వచ్చిన చిక్కు. రేపు చూద్దాం."

హాల్లో కూర్చున్న వాళ్ళంతా ఒక్కసారి గాజుతలుపు వైపు తిరిగారు. గంగాదేవి కూడా చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది జుబియాకి. ఆమె తల దించుకుని, ఎర్రగుర్తు పక్కన వివరాలు అని రాసి ఉన్నచోట నొక్కింది.

పొద్దున్న కంగారులో అది తెరవనే లేదు. వరసగా బోలెడు ఇంగ్లీషు. చదువుతూ పోతుంటే ఒకచోట కళ్ళు ఆగాయి. చోటు చాలడం లేదు.

*

"ఉన్నది తక్కువే భాయ్," అంది జుబియా ఆ సాయంత్రం ఇంట్లో. "పాత డిస్కుని మూడు గదుల్లా పార్టిషన్లు చేసి వాడుకున్నాం. సి లో విండోస్, డి లో బిల్లింగు, ఇ లో మ్యాపులు. ఇ లో ఉన్నది కొంచెమే, మిగతాదంతా ఖాళీ. కానీ ఆ ఖాళీ గదులకి కూడా చోటు కావాలంటోంది. కొత్త డిస్కు పాతదాంట్లో సగమే. రెండు పార్టిషన్లు పట్టి, మూడోది ఎక్కేటప్పుడు చేతులెత్తేస్తోంది."

రిజ్వాన్ అప్పుడే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో డ్యూటీ దిగి వచ్చాడు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుని చెల్లెలు చెప్పింది విన్నాడు. తర్వాత లోపలికెళ్ళి మంచం కింది నుంచి దుమ్ము పట్టిన పాత కంప్యూటరు డబ్బా ముందుకు లాగాడు. వెనక రేకు మరలు తీసి, తీగలు ఊడదీసి, అందులోని డిస్కు బయటికి తీశాడు.

"ఇది పెద్దదే. నా పెళ్ళి వీడియో ఉందిందులో. మీ వదినతో చెప్పకు."

"తీసి పెడతాను భాయ్, అది ఎక్కడికీ పోదు."

"పోదని నువ్వంటే ఇప్పుడు నాకు భయమేస్తోంది జుబీ," అని నవ్వాడు. చెల్లెలు నవ్వకపోయేసరికి ఊరుకున్నాడు.

వంటింట్లో నుంచి తల్లి జహీదా అంది. "నీ తప్పు లేనప్పుడు ఆ మాట ఆ డాక్టరుగారితోనే అనొచ్చుగా."

"లేదని నాకెలా తెలుసు అమ్మీ?"

ప్రతి శనివారం క్లినిక్కు కట్టేసే ముందు ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించేది. పూర్తయింది అని పచ్చగుర్తు వచ్చేదాకా కూర్చునేది. గుర్తు వచ్చాక డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేసేది. ఒక్కసారైనా అందులోది వెనక్కి తీసి చూసుకోలేదు. చూడాలని ఎవరూ చెప్పలేదు, తనకీ తట్టలేదు. ఆ పచ్చగుర్తు కింద నిజంగా ఏముందో ఆమెకి తెలియదు.

అన్నం ముందు కూర్చుంది. గంగాదేవీ వేణీ కృష్ణలంకలో చుట్టాలింట్లో దిగారు. ఆ ఇంట్లో వేణితో ఎవరెలా మాట్లాడుతుంటారోనని ఆలోచన పోయింది. మిషను లేని రోజుల్లో ఆ పిల్ల హాల్లో గోడకున్న ఫ్యాను వంక అదేపనిగా చూస్తుండటం జుబియా గమనించింది. తిరుగుతోంది, చప్పుడు లేదు.

*

పొద్దున్నే క్లినిక్కు తెరిచి, రిజ్వాన్ ఇచ్చిన డిస్కు తగిలించింది. దానిమీద పెళ్ళి వీడియో పెన్‌డ్రైవులోకి తీసి పక్కన పెట్టాక, ఈసారి మూడు పార్టిషన్లూ ఒకేసారి వద్దనుకుంది. ముందు సి. అది ఎక్కింది. తర్వాత డి. అదీ ఎక్కింది. బిల్లింగు తెరుచుకునేసరికి, రిసెప్షన్లో కూర్చునే తెరేసమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి చూసి, "హమ్మయ్య" అంటూ డాక్టరుగారికి చెప్పడానికి వెళ్ళింది.

ఇ మొదలుపెట్టింది. గీత సగం దాటింది. నిన్న ఆగిన చోటు దాటింది. జుబియా చేతివేళ్ళు ఒకదానిలో ఒకటి ఇరికించి గట్టిగా పట్టుకుంది. గీత చివరికంటా వెళ్ళింది. పచ్చగుర్తు.

"హన్నా మేడమ్," అని పిలిచింది.

హన్నా వచ్చింది. కిందటి చలికాలంలో ఇక్కడ చేరిన ఆడియాలజిస్టు, జుబియాకన్నా చిన్నది. కుర్చీ వెనక నిలబడి ముందుకి వంగింది. జుబియా మ్యాపుల ప్రోగ్రాము తెరిచింది. పేర్లుండాల్సిన చోట తెల్లగా ఉంది. ఒక్క పేరూ లేదు.

మూసి మళ్ళీ తెరిచింది. తెలుపే.

ఇ డ్రైవు తెరిచి చూసింది. లోపల వీడియోలు. డాక్టరుగారు చేసిన చెవి ఆపరేషన్ల వీడియోలు, వరసగా. వాటి కింద ఇంకేం లేదు.

"ఇవెందుకున్నాయక్కా ఇక్కడ?" అంది హన్నా.

జుబియాకి నిరుడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. కిరీటి ఇదే కుర్చీలో కూర్చుని, మావయ్య వీడియోలకి చోటు కావాలన్నాడని డిస్కులో ఇంకో ముక్క కోశాడు. కొత్త పార్టిషను. ఆ కొత్త ముక్కకి ఇ అనే అక్షరం ఇచ్చాడు. మ్యాపులున్న దాన్ని ఎఫ్ చేశాడు. మ్యాపుల ప్రోగ్రాముకి ఎఫ్ లో చూసుకోమని చెప్పాడు. బ్యాకప్ ప్రోగ్రాముకి ఎవరూ చెప్పలేదు. అది తనకి మొదట చెప్పినట్టే సి, డి, ఇ లకి నకళ్ళు తీస్తూ పోయింది. అప్పట్నుంచి ప్రతి శనివారం జుబియా ఎదురుగా కూర్చుని కాపలా కాసింది ఆపరేషను వీడియోలకి.

"అక్కా," అంది హన్నా, ఆమె భుజం మీద చెయ్యేసి.

"పాతవి ఉంటాయి," అంది జుబియా. "ఎండాకాలానికి ముందు తీసినవి. అప్పుడు ఇ అంటే మ్యాపులే."

ఎక్స్‌టర్నల్ డిస్కులో అట్టడుగుకి వెళ్ళింది. పాత బ్యాకప్పులు ఉన్నాయి. నిరుడు కిరీటి వచ్చిన ఆ వారానికి ముందుది ఎంచుకుని, వీడియోలని ముట్టుకోకుండా, మిగిలిన చోటులో దింపింది. ఎక్కాక దానికి ఎఫ్ అని అక్షరం ఇచ్చింది. ఈసారి ప్రోగ్రాము తెరవడానికి చెయ్యి రాక, "మీరు నొక్కండి మేడమ్," అంది.

హన్నా నొక్కింది. పేర్లు బిలబిలమంటూ వచ్చాయి. అందులో నాగవేణి, తండ్రి పోలరాజు, ఎదురుమొండి. పక్కనే నిరుటి తేదీ.

ఇద్దరూ ఆ తేదీ వైపే చూస్తుండగా డాక్టరు వచ్చాడు. తెరేసమ్మ చెప్పిన వార్తతో మొహం తేలికపడి ఉంది. స్క్రీను మీద పేర్లు చూశాడు. "ఉన్నాయి కదా," అన్నాడు. "రెండ్రోజులు నా ప్రాణం తీశావు. పోనీలే, దొరికాయి. గుడ్."

జుబియా అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. తెచ్చిపెట్టింది తనే. ఎవరూ ఇక బ్యాకప్ తియ్యలేదని అనరు. ఆ ఊరట జుబియా ఒంటికి తెలిసింది, ఎండలోంచి నీడలోకి వచ్చినప్పుడు తెలిసినట్టు.

"ఇవి నిరుటివి సార్," అంది.

డాక్టరు కళ్ళజోడు సవరించుకుని తేదీ చూశాడు. జుబియా జరిగింది చెప్పింది. కిరీటి పేరు వచ్చినప్పుడు ఆయన ఒకసారి తలెత్తి, మళ్ళీ స్క్రీను వైపు తిప్పుకున్నాడు.

"ఏడాది తేడా పెద్ద తేడా కాదు," అన్నాడు చివరికి. "హన్నా, రేపు పొద్దున్న ఆ పిల్లకి ఇదే ఎక్కించండి. అసలు లేనిదానికన్నా నయం కదా. నిరుటిదని తల్లికి చెప్పి కంగారు పెట్టొద్దు. చెబితే మిగతా పిల్లల సంగతేంటని అడుగుతారు. ఊరూరా పాకుతుంది."

ఆయన గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు.

"ఎందుకు పోయాయని ఎవరైనా అడిగితే నేను నీ పేరే చెప్పాల్సి వస్తుంది జుబియా. అది నీకూ మంచిది కాదు."

*

శుక్రవారం పొద్దున్న హన్నా మిషనుకి కేబుల్ తగిలించి, నిరుటి మ్యాపు అందులోకి పంపింది. కంప్యూటరు దగ్గర జుబియా కూర్చుంది. గంగాదేవి ఇస్త్రీ చీర కట్టుకుని, బ్యాగు సర్దుకుని వచ్చింది, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోవచ్చని. వేణి కుర్చీలో నిటారుగా కూర్చుంది. హన్నా మిషను చెవికి తగిలించి, గుండ్రటి బిళ్ళ జుట్టు మీద ఆనించింది. అది లోపలి అయస్కాంతానికి టక్కున అతుక్కుంది.

"వేణీ," అంది గంగాదేవి వెనక నుంచి, నెమ్మదిగా.

పిల్ల వెనక్కి తిరిగింది.

గంగాదేవి రెండు చేతులతో నోరు మూసుకుంది. భుజాలు కదిలాయి. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఏం లేదండీ, ఏం లేదు," అంది అందరితో. గదిలోకి వచ్చి నిలబడ్డ డాక్టరు చిరునవ్వు నవ్వి, "చూశారా," అని బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారని వెళ్ళిపోయాడు.

హన్నా పిల్ల వెనకాల నిలబడి చిన్న డప్పు మీద కొట్టింది. వేణి చెయ్యెత్తింది. గట్టిగా కొట్టింది. చెయ్యెత్తింది. కంప్యూటరు ముందు కూర్చున్న జుబియాకి పిల్ల మొహం ఎదురుగా కనిపిస్తోంది. డప్పు గట్టిగా మోగినప్పుడల్లా కుడికన్ను చివర గబుక్కున ముడుచుకుని విడుతోంది. రెప్ప కొట్టుకోవడం కాదది. పెదవి మూల కూడా దాంతోపాటే ఎగురుతోంది.

"హన్నా మేడమ్, ఇటు వచ్చి చూడండి."

హన్నా వచ్చి చూసింది. చేతిలో డప్పు తట్టింది. కన్ను ఎగిరింది. హన్నా మొహంలో రంగు మారింది. చెవిలో అమర్చిన పరికరానికి వరసగా ఉన్న తీగ కొసల్లో ఏదో ఒకటి చెవికి కాక పక్కనున్న మొహం నరానికి తగులుతోంది. అలాంటి కొసని మ్యాపులో ఆపేస్తారు. వేణికి నిరుడు ఎండాకాలం తర్వాత ఎప్పుడో ఆపేసే ఉంటారు. అప్పుడు హన్నా ఇక్కడ లేదు. ఆపినట్టు రాసుకున్నది కాలిపోయిన డిస్కుతో పోయింది.

"నొప్పా?" అని వేణిని అడిగింది హన్నా.

వేణి తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే కుడిచేత్తో ఆ బిళ్ళని తలకి అదిమి పట్టుకుంది, ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు. హన్నా డప్పు ఎత్తేసరికి, కొట్టకముందే భుజం బిగబట్టింది. ఎక్కడా నొప్పి లేదని మళ్ళీ తల ఊపింది. నవ్వింది కూడా.

"సర్దుకుంటుందేమో," అంది హన్నా, ఎవరితోనో తెలియకుండా. ఆ గొంతులో నమ్మకం లేదు. ఆమె జుబియా వైపు చూసింది. జుబియా ఆమె వైపు చూసింది. ఈ గదిలో ఇద్దరికే తెలుసు.

గంగాదేవి బ్యాగు భుజానికి తగిలించుకుంది. "వెళ్ళొస్తామండి మరి. వాళ్ళ నాన్న రేవు దగ్గరికొస్తానన్నాడు. మీరు బాగా కష్టపడ్డారండీ," అంది జుబియాతో. "మొన్న అందరి ముందూ మిమ్మల్నలా అంటే నాకే ఎలాగో అయిపోయింది."

ఆ మాట అనకపోయి ఉంటే తను ఏం చేసేదో జుబియాకి తర్వాతెప్పుడూ తేలలేదు.

"ఒక్క నిమిషం గంగాదేవి గారూ," అంది లేచి. "ఇది వేణి మొన్నటిదాకా విన్న మ్యాపు కాదండి. నిరుడు ఎండాకాలానికి ముందుది. కొత్తది మా దగ్గర పోయింది. అది ఇక దొరకదు. పాపకి కన్ను లాగుతోంది, మీరు చూడండి. ఇలా తీసుకెళ్ళొద్దు."

గంగాదేవి బ్యాగు దించలేదు. జుబియా మొహంలోకి, తర్వాత కూతురి మొహంలోకి చూసింది. వంగి పిల్ల ముందు చప్పట్లు కొట్టింది. కన్ను ఎగిరింది.

"నిరుడూ ఇంతేనండి," అంది నెమ్మదిగా. "బువ్వ తినేటప్పుడు పళ్ళెం మోగినా కన్ను కొట్టుకునేది. వానల్లో వస్తే అప్పుడున్న మేడంగారు సరిచేశారు. ఇందాక చూసి, నాకే అలా కనపడుతుందేమోలే అనుకున్నాను. డాక్టరుగారు బాగుందన్నారు కదా." కాస్త ఆగింది. "ఎందుకండీ చెప్పకుండా పంపించబోయారు?"

హన్నా తల వంచుకుంది.

గాజుతలుపు తెరుచుకుంది. తెరేసమ్మ ఏం చూసి ఏం చెప్పిందో, డాక్టరు వచ్చాడు. బ్యాగు పట్టుకుని నిలబడ్డ గంగాదేవినీ, గోడకి ఆనుకున్న జుబియానీ చూశాడు.

"చెప్పేశాను సార్," అంది జుబియా.

ఆయన మొహం ఎర్రబడింది. ఏదో అనడానికి నోరు తెరిచాడు. అంతలో హాల్లో ఎవరిదో స్టీలు గ్లాసు జారి నేలమీద పడి ఖంగున మోగింది. వేణి కన్ను ఎగిరింది. డాక్టరు చూశాడు. నోరు మూశాడు. కుర్చీ దగ్గరికి వచ్చి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొటనవేలు కంటి మూల దగ్గర, మిగతా వేళ్ళు చెంప మీద ఆనించాడు. ఆ చెవి వెనక కోసి, లోపల ఆ తీగ దూర్చింది ఈ వేళ్ళే.

"కొట్టండి," అన్నాడు.

హన్నా కొట్టింది.

"మళ్ళీ."

మళ్ళీ కొట్టింది. ఆయన వేలు పిల్ల కంటి దగ్గరే ఉంది. తియ్యలేదు. అలాగే కాసేపు ఉండి, "తీసెయ్యండి," అన్నాడు.

హన్నా చెయ్యి దగ్గరికి రాగానే వేణి రెండు చేతులతో మిషను కప్పేసుకుంది. కుర్చీలో ముడుచుకుపోయి తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టింది. "వద్దు," అంది. ఆ క్లినిక్కులో ఇన్ని రోజుల్లో ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి మాట. "వద్దు. నొప్పి లేదు. వద్దు."

హన్నా కుర్చీ ముందుకి వచ్చి, తన నోరు పిల్లకి కనిపించేలా కూర్చుంది.

"తియ్యను వేణీ. చెవికే ఉంటుంది. నొప్పి పెట్టేది ఎక్కడుందో మనిద్దరం వెతుకుదాం. ఉంటే ఉందని చెప్పాలి. చెబితేనే మిషను నీ దగ్గరుంటుంది. చెబుతావా?"

వేణి చాలాసేపు ఆ నోటి వంక చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి.

ఆ మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది. హన్నా ఒక్కో కొస దగ్గరా ఆగి, సన్నటి శబ్దం పంపి, కాస్త పెంచి అడిగింది. జుబియా పక్కన కూర్చుని, మేడమ్ చెప్పినప్పుడల్లా ఆ కొలత కంప్యూటర్లో దాచుతూ పోయింది. వేణి మొదట అన్నిటికీ లేదంది. తర్వాత ఒకచోట, చెప్పాలా వద్దా అన్నట్టు తల్లి వైపు చూసి, కంటి మూల వేలితో ముట్టుకుంది. హన్నా ఆ కొస ఆపేసింది. మిషను చెవికే ఉంది. అది చూశాక పిల్ల దాచడం మానేసింది. రెండోచోట తనే ముందుగా, "ఇక్కడ," అంది.

*

శనివారం పొద్దున్న ఇంకోసారి కూర్చోబెట్టి సరిచూసి, హన్నా డప్పు గట్టిగా కొట్టింది. చెయ్యి లేచింది. కన్ను కదల్లేదు. కొన్ని శబ్దాలు మొన్నటికన్నా తక్కువే ఉంటాయనీ, నెలనెలా వస్తే పెంచుకుంటూ పోదామనీ గంగాదేవికి చెప్పింది. గంగాదేవి అన్నీ విని, "నెలనెలా వస్తామండి," అంది. పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతుంటే సందు చివర ఆటో హారను మోగింది. వేణి అటు తిరిగి, అది ఏంటో తల్లికి చూపించింది.

డాక్టరు నిన్నటి నుంచి జుబియాతో మాట్లాడలేదు. పిలవలేదు, పంపించెయ్యలేదు. ఆమె టేబులు సొరుగులోంచి తన టిఫిను డబ్బా, గొడుగు తీసి సంచిలో పెట్టుకుంది, ఎప్పుడు పిలుపు వస్తే అప్పుడు లేవడానికి. అప్పుడు హన్నా వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, వేణిది నీళ్ళలో పడింది కాబట్టి పోయింది. మిగతా పిల్లలవి పోలేదు."

"డిస్కులో లేవు కదా మేడమ్."

"డిస్కులో లేవు. వాళ్ళ మిషన్లలో ఉన్నాయి. ఆఖరిసారి మనం ఎక్కించిన మ్యాపు మిషనులోనే ఉంటుంది. పిల్ల వచ్చి కేబుల్ తగిలిస్తే వెనక్కి తీసుకోవచ్చు. అవి పడిపోకముందే, చెడిపోకముందే అందర్నీ పిలవాలి."

జుబియా ఆమె మొహం వంక చూస్తుండిపోయింది. ఇన్ని రోజులు తను ఎక్కడెక్కడో వెతికింది. అవి అవనిగడ్డలో, కైకలూరులో, గుడివాడలో పిల్లల చెవుల మీద తిరుగుతున్నాయి. బడికి వెళ్తున్నాయి. గంతులేస్తున్నాయి.

లేచి డాక్టరు గదిలోకి వెళ్ళింది. హన్నా అన్నదంతా చెప్పింది. ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు.

"ఎందుకు రమ్మంటున్నారని అడుగుతారు."

"అడుగుతారు సార్."

"ఏం చెబుతావు?"

"జరిగిందే చెబుతాను. లేకపోతే రారు. పనులు మానుకుని, ఏం లేకుండా అంతంత దూరం ఎందుకొస్తారు?"

ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. జుబియా ఇంకాసేపు నిలబడి చూసి, తన టేబులు దగ్గరికి వచ్చింది. సంచి కుర్చీ కిందికి జరిపింది. క్లినిక్కు ఫోను ముందుకి లాక్కుని మొదటి నెంబరు నొక్కింది. కూచిపూడి దగ్గర ఒక పల్లె, శౌరయ్య అని, కౌలు రైతు. కొడుక్కి ఇక్కడే ఆపరేషను. మనిషి ముక్కోపి. ఫోను రెండుసార్లు మోగింది.

"హలో, ఎవరండీ?"

"శౌరయ్య గారా అండీ? విజయవాడ వినికిడి క్లినిక్కు నుంచి జుబియానండి. మీ బాబు మిషను గురించి ఒక విషయం…"

"ఏమైంది? మొన్నే కదా వచ్చెళ్ళాం. మళ్ళీ ఏమైంది?"

"అదేనండి, మా కంప్యూటర్లో…"

పక్కన నీడ పడింది. డాక్టరు. ఎప్పుడు వచ్చాడో, చెయ్యి చాపి నిలబడ్డాడు. పెట్టెయ్యమంటున్నాడనుకుంది జుబియా. రిసీవరు చెవికి అలాగే అదిమి పట్టుకుంది. ఆయన చెయ్యి వెనక్కి పోలేదు. అవతల శౌరయ్య, "హలో, చెప్పండి, వినపడట్లేదు," అంటున్నాడు. ఆమె రిసీవరు ఆయన చేతిలో పెట్టింది.

డాక్టరు ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"శౌరయ్యా, నేను డాక్టర్ జానకిరామ్‌ని. బాబు బాగున్నాడా? … ఆఁ, వాడికేం ప్రమాదం లేదు, కంగారు పడకు. పొరపాటు మా దగ్గర జరిగింది. మీవాడి కొలతలు మా కంప్యూటర్లో పోయాయి. … లేదు, ఆ అమ్మాయిది కాదు. ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టే చేసింది. మా మేనల్లుడు మార్చాడు, నేను చూసుకోలేదు. … అనవయ్యా, నువ్వనాల్సింది అను. వింటాను."

హాల్లో వాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు. తెరేసమ్మ రాస్తున్నది ఆపింది. డాక్టరు గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. రిసీవరులోంచి శౌరయ్య గొంతు పెద్దగా వినపడుతూనే ఉంది. మధ్యమధ్య ఆయన "నిజమే" అంటున్నాడు. ఎప్పటికో ఆ గొంతు తగ్గింది. సోమవారం కొడుకుని తీసుకొస్తానంది.

ఆయన రిసీవరు జుబియాకి ఇచ్చాడు. మొహం తుడుచుకున్నాడు. ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె వైపు చూడకుండానే, "తర్వాతది కలుపు," అన్నాడు.